సంప్రదాయమా, సంస్కరణా? మరియమాత విషయంలో మహాసభ నడిచిన దారి



మన తెలుగు కథోలిక కుటుంబాలలో చాలావాటికి ఒక ఇబ్బంది ఉంది. నాయనమ్మ చేతిలోనుంచి జపమాల దిగదు. ఫిబ్రవరి నెలలో గుణదల కొండ ఎక్కనిదే ఆమెకు సంవత్సరం గడిచినట్లు ఉండదు. అదే ఇంట్లో మనుమడు బాప్టిస్టు, లూథరన్ స్నేహితులతో కలిసి చదువుకుంటాడు. "మీరు మరియమ్మకు ఎందుకు మొక్కుతారు? బైబిల్లో ఎక్కడుంది?" అని వాళ్ళు అడుగుతారు. వాళ్ళకు జవాబు చెప్పలేక ఇంటికొచ్చి నాయనమ్మ మీద విసుక్కుంటాడు. "నీ పాత భక్తి నాకొద్దు, నాకు బైబిలు చాలు" అంటాడు. "వీడు మతం మారిపోతున్నాడు" అని ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కొన్నాళ్ళకు ఇంట్లో సాయంకాల ప్రార్థన ఆగిపోతుంది. ఆగిపోయిన కుటుంబ ప్రార్థనను మళ్ళీ మొదలుపెట్టించడం ఎంత కష్టమో విచారణ గురువులందరికీ తెలిసిన సంగతే.

విచారణ సంఘాలలో కూడా ఇదే తగవు వేరే రూపాలలో కనబడుతుంది. దివ్యసత్ప్రసాదం నాలుక మీద తీసుకోవాలా, చేతిలోనా? పాత కీర్తనలు పాడాలా, కీబోర్డుతో కొత్త పాటలా? ఇరువైపులా భక్తిపరులే ఉంటారు. ఒకరినొకరు అనుమానించుకునేది కూడా వారే.

ఈ విధంగా విడిపోయినవారిని పత్రికలు కన్సర్వేటివులనీ, లిబరలులనీ పిలుస్తాయి. మనం సంప్రదాయవాదులు, సంస్కరణవాదులు అంటున్నాం. లతీనులో ఈ మాటల మూలాలు చూస్తే, మొదటిదానికి "భద్రపరచుట" అనీ, రెండవదానికి "స్వేచ్ఛ గల" అనీ అర్థాలు. అందుకున్న విశ్వాసాన్ని భద్రపరచని క్రైస్తవుడు ఉండగలడా? దేవుని బిడ్డలకు తగిన స్వేచ్ఛ లేని క్రైస్తవుడు ఉండగలడా? నిజానికి రెండు మాటలూ ప్రతి విశ్వాసికీ చెందవలసినవే. ఇవి పార్లమెంటుల్లో పుట్టి పెరిగిన పేర్లు. అక్కడ ఒక పక్షం గెలిస్తే రెండవది ప్రతిపక్షంలో కూర్చుంటుంది. శ్రీసభలో ప్రతిపక్షానికి వేరే బెంచీలు లేవు, అందరూ ఒకే బల్ల దగ్గరకు రావాలి. కనుక మనకు వేరే పద్ధతి కావాలి. ఆ పద్ధతి ఎలా ఉంటుందో రెండవ వాటికన్ మహాసభలో జరిగిన ఒక ఘట్టం చూపిస్తుంది. దానిని కొంచెం వివరంగానే చదువుదాం.

మహాసభ 1962 అక్టోబరు 11న ప్రారంభమైంది. మరియమాతను గురించి ప్రత్యేకంగా ఒక పత్రం అప్పటికే సిద్ధమై, మొదటి సమావేశ కాలంలోనే పీఠాధిపతుల చేతికి వచ్చింది. దానిని రాసినవారిలో ముఖ్యుడు కార్లో బాలిచ్ గారు. ఆయన క్రొయేషియాకు చెందిన ఫ్రాన్సిస్కన్ గురువు, రోములోని మరియ సంబంధ పరిశోధనా సంస్థకు అధ్యక్షుడు. అయితే 1963 నాటికి మరొక ప్రతిపాదన బలం పుంజుకుంది. మరియమాతకు విడి పత్రం వద్దు, శ్రీసభను గురించి రాస్తున్న పెద్ద పత్రంలోనే ఆమెను గురించిన అధ్యాయం ఉండాలి అన్నారు.

పైకి చూస్తే ఇది కాగితాలు సర్దుకునే విషయంలా ఉంది. కాని ఆ రోజుల్లో దీనంతగా మహాసభను రెండుగా చీల్చిన ప్రశ్న మరొకటి లేదు. 1963 అక్టోబరు 24న ఇరుపక్షాల తరఫున ఇద్దరు కార్డినల్‌లు మాట్లాడారు. విడి పత్రం కావాలని మనీలా అగ్రపీఠాధిపతి రూఫినో సాంతోస్ గారు వాదించారు. మరియమాత శ్రీసభలో సభ్యురాలే అయినా, రక్షకుని తల్లిగా ఆమె స్థానం సభ్యత్వాన్ని మించినది, ఆమెను ఒక అధ్యాయంగా కుదిస్తే విశ్వాసులు దానిని తగ్గింపుగా భావిస్తారు అన్నది ఆయన వాదనలోని సారం. ఒకే పత్రం చాలునని వియన్నా అగ్రపీఠాధిపతి ఫ్రాంజ్ కోనిగ్ గారు వాదించారు. ఈ మహాసభ ప్రధాన విషయం శ్రీసభ. మరియమాత ఆ శ్రీసభకు ఆదర్శరూపం, ఆమెను విడిగా నిలబెడితే క్రీస్తునుంచీ, విశ్వాసుల సమూహంనుంచీ వేరుచేసినట్లవుతుంది, తూర్పు సంఘాలవారికీ ప్రొటెస్టంటులకూ మన భక్తి అర్థంకాకుండా పోతుంది అన్నారు. మనిలా కార్డినల్ మాటలో మన నాయనమ్మ గొంతు, వియన్నా కార్డినల్ మాటలో కొంతవరకు మన మనుమడి గొంతు వినబడడం లేదూ?

తరువాతి అయిదు రోజులు రోములో ఎవరికీ ప్రశాంతత లేదు. ఇరువైపులవారూ కరపత్రాలు పంచారు. పీఠాధిపతులు కూడా మనుషులే గదా! అక్టోబరు 29న ఓటింగు జరిగింది. ఎటు ఓటు వేసినా మరియమాత గౌరవం తగ్గించినట్లు కాదని ముందుగానే సభకు చెప్పారు. ఫలితం చూడండి. పత్రంలో కలపాలన్నవారు 1,114 మంది, వద్దన్నవారు 1,074 మంది. రెండు వేలమందికి పైగా ఓటు వేసిన సభలో తేడా కేవలం 40.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి. పార్లమెంటులో అయితే 40 ఓట్లతో గెలిచినా గెలుపే. గెలిచినవారు తమకిష్టమైన రీతిలో చట్టం రాసుకుంటారు. సగంమందికి కాస్త తక్కువగా ఉన్న ఓడినవారు వచ్చే ఎన్నికల కోసం ఎదురుచూస్తారు. మహాసభ అలా చేయలేదు. అధ్యాయం రాయించే ఉపసంఘంలో గెలిచిన కోనిగ్ గారితోపాటు ఓడిన సాంతోస్ గారినీ కూర్చోబెట్టింది. కలం పట్టే పని కూడా ఇద్దరికి అప్పగించారు. ఒకరు బెల్జియం దేశంలోని లూవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జెరార్డ్ ఫిలిప్స్ గారు. రెండవవారు, విడి పత్రం రాసి, అది పోయిందని బాధపడుతున్న బాలిచ్ గారే. ఫిలిప్స్ గారు గురువే అయినా తమ దేశపు సెనేటులో సభ్యుడు కూడా. రాజీ మాటలు కూర్చే నేర్పు ఆయనకు అక్కడే కొంత అబ్బి ఉండవచ్చునని నా ఊహ. ఆ ఇద్దరూ ఒక ముసాయిదా రాసి, కొట్టివేసి, మళ్ళీ రాసి, నెలల తరబడి శ్రమపడ్డారు.

వారు ఎలా కలవగలిగారు? ఈ పాఠానికి ప్రాణం అంతా ఇక్కడే ఉంది. ఇద్దరి కోరికలనూ కొలిచి సరిగ్గా మధ్యలో గీత గీయలేదు. అలా గీస్తే ఇద్దరికీ నచ్చనిది తయారవుతుంది. ఇద్దరూ తగాదా మొదలుకాకముందున్న చోటికి వెళ్ళారు. పరిశుద్ధ గ్రంథం మరియమాతను గురించి చెప్పే ఘట్టాలను వరుసగా తీసుకున్నారు. పాత నిబంధనలోని సూచనలు, దూత శుభవచనం, కానా పెండ్లి, సిలువ చెంత నిలిచిన తల్లి, పెంతెకోస్తుకు ముందు శిష్యులతో ప్రార్థించిన స్త్రీ ఇందులో ఉన్నారు. తరువాత తొలి శతాబ్దాల శ్రీసభ పితరుల బోధను తీసుకున్నారు. ఈ నేల మీద సాంతోస్ గారు నిలబడగలరు, ఎందుకంటే ఇది అతి పురాతన సంప్రదాయం. కోనిగ్ గారూ నిలబడగలరు, ఎందుకంటే ఇది బైబిలు. సంప్రదాయవాది చివరి వంద సంవత్సరాల అలవాటును దాటి ఇంకా వెనక్కు వెళ్ళాడు. సంస్కరణవాది చివరి పది సంవత్సరాల పుస్తకాలను దాటి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఇద్దరూ ఒకే గడపలో కలుసుకున్నారు.

అయినా ఒక మాట దగ్గర బండి ఆగింది. మరియమాతను "మధ్యవర్తిని" అని పిలవవచ్చునా? ఆ బిరుదు లేకపోతే భక్తులకు అన్యాయం జరుగుతుందని కొందరు, ఉంటే క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అన్న పౌలుగారి బోధ మసకబారుతుందని మరికొందరు. 1964 సెప్టెంబరు చర్చలో దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. చివరకు ఏం చేశారు? బిరుదును ఉంచారు, కాని ఒంటరిగా ఉంచలేదు. ఆదరువు, సహాయకురాలు వంటి ఇతర బిరుదులతో కలిపి, శ్రీసభలో విశ్వాసులు ఆమెను ఇలా వేడుకుంటారు అని చెప్పారు. వెంటనే, ఏకైక మధ్యవర్తియైన క్రీస్తు గౌరవానికి ఇది దేనినీ తగ్గించదు, దేనినీ చేర్చదు అనే అర్థంలోనే దానిని తీసుకోవాలని కట్టడి చేశారు. ఒక పక్షం అడిగిన మాట ఉంది. ఆ మాటను గురించి రెండవ పక్షానికి ఉన్న భయానికి జవాబూ ఉంది. మరొక పని కూడా చేశారు. వేదాంతులు ఇంకా తేల్చని ప్రశ్నలను తాము తేల్చబోవడం లేదని ఆ అధ్యాయం ఆరంభంలోనే చెప్పారు. అన్నిటినీ ఈరోజే తేల్చుకోవాలన్న పట్టుదలే సగం తగాదాలకు మూలం. విచారణ సంఘం మీటింగులలో ఇది ఎన్నిసార్లు రుజువైందో!

ఆ సెప్టెంబరు చర్చలో ముచ్చటైన విషయం ఒకటుంది. బెల్జియం కార్డినల్ సూనెన్స్ గారు సంస్కరణవాదులకు నాయకుడని పేరు. అందరూ ఆయన ఒకటి మాట్లాడతారనుకుంటే ఆయన మరొకటి మాట్లాడారు. ఈ ముసాయిదాలో మరియమాతకు తగినంత స్థానం ఇవ్వలేదని ఆయన అభ్యంతరం చెప్పారు. ఆశ్చర్యపడినవారికి తెలియనిదేమంటే, ఆయన లీజియన్ ఆఫ్ మేరీకి గట్టి మద్దతుదారుడు, దాని ఆధ్యాత్మికతపై పుస్తకమే రాశారు. మనిషికి పేరుపట్టీ అంటించి, ఇక అతని మాట వినకుండానే అతని అభిప్రాయం మనకు తెలుసుననుకోవడం ఎంత పొరబాటో చూడండి. ఇక కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ గారు, ప్రతివారూ తమ సొంత అభిప్రాయాలను, అవి సరైనవే అయినా సరే, కొంత త్యాగం చేసి ఈ పాఠాన్ని ఆమోదించాలని వేడుకున్నారు. "సరైనవే అయినా" అన్న ముక్క గమనించండి. తప్పు అభిప్రాయాన్ని వదులుకోవడం త్యాగం కాదు, బుద్ధి. సరైనదే అయినా అందరిమీదా రుద్దనవసరం లేనిదాన్ని తనవరకే ఉంచుకోవడం త్యాగం.

1964 అక్టోబరు 29న, అంటే ఆ 40 ఓట్ల రోజుకు సరిగ్గా సంవత్సరానికి, ఈ అధ్యాయం మీద ఓటింగు జరిగింది. ఒప్పుకున్నవారు 1,559 మంది, సవరణలతో ఒప్పుకున్నవారు 521 మంది, వద్దన్నవారు 10 మంది. ఆ సవరణలను కూడా పరిశీలించిన తరువాత, నవంబరు 21న శ్రీసభను గురించిన సిద్ధాంత పత్రం మొత్తానికి 2,151 ఓట్లు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా వచ్చాయి. మరియమాతను గురించిన అధ్యాయం దానిలో ఎనిమిదవది, చివరిది. భక్తిలో అతిశయోక్తులు వద్దనీ, సంకుచిత దృష్టి కూడా వద్దనీ అది బోధకులను హెచ్చరిస్తుంది. ఇరువైపులవారికీ చెరొక చురక అన్నమాట.

"అంతా బాగానే ఉంది, ఫాదర్‌గారూ, కాని సత్యాన్ని బేరమాడవచ్చునా?" అని కొందరికి అనిపిస్తుంది. ఈ ప్రశ్న బరువైనది. అమెరికాలో 1996లో ఇదే ప్రశ్న తలెత్తింది. అక్కడి కథోలికులలో రెండు పక్షాల మధ్య పెరుగుతున్న ద్వేషాన్ని చూసి, చికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ గారు ఆ ఆగస్టులో ఉమ్మడి నేలను వెదికే ప్రయత్నం ఒకటి ప్రారంభించారు. ఎదుటివారికి దురుద్దేశాలు అంటగట్టకుండా, వారి మాటకు మంచి అర్థం తీసుకొని సంభాషించాలని ఆయన కోరిక. వెంటనే సాటి కార్డినల్‌లే కొందరు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఉమ్మడి నేల శ్రీసభకు ఇప్పటికే ఉంది, అది పరిశుద్ధ గ్రంథమూ, సంప్రదాయమూ, దానిని కొత్తగా వెదకడమేమిటి అని బోస్టన్ కార్డినల్ లా గారు అన్నారు. బెర్నార్డిన్ గారి జవాబు ఏమంటే, సిద్ధాంతాన్ని తగ్గించుకోవడానికి కాదు ఈ సంభాషణ, క్రీస్తు కేంద్రంగా, సంప్రదాయానికి జవాబుదారులుగా ఉండే సంభాషణ ఇది. అప్పటికే క్యాన్సర్ ఆయన దేహమంతా తినేస్తోంది. అక్టోబరు 24న ఈ విషయం మీదనే ప్రసంగించి, నవంబరు 14న కన్నుమూశారు.

నా మట్టుకు నాకు, బోస్టన్ కార్డినల్ చెప్పిన దానిలో నిజముంది, అది బెర్నార్డిన్ గారి ప్రయత్నాన్ని కొట్టివేయదు. నేల ఉంది, నిజమే. కాని ఇద్దరూ దాని మీద నిలబడి ఉన్నామని ఇద్దరికీ తెలియాలి గదా! 1963లో ఓటు వేసిన రెండు వేలమందికీ పరిశుద్ధ గ్రంథం ఉంది, సంప్రదాయం ఉంది. అయినా బాలిచ్, ఫిలిప్స్ గారలు నెలల తరబడి కూర్చోవలసి వచ్చింది.

వాదించేటప్పుడు ఎదుటివారి మాటను ఎలా పట్టుకోవాలో గురువిద్యాలయంలో మాకు పునీత తోమాసు అక్వినాసు గారి ద్వారా నేర్పేవారు. ఆయన మహాగ్రంథంలో దేవుడున్నాడా అనే ప్రశ్నకు మొదట కనబడేది "ఉన్నాడు" అనే జవాబు కాదు, లేడనడానికి రెండు కారణాలు. లోకంలో చెడు ఉంది గదా, ప్రకృతే తనను తాను నడుపుకోగలదు గదా అని. నాస్తికుడు కూడా తన వాదాన్ని అంత చక్కగా చెప్పలేడు. ప్రత్యర్థి వాదాన్ని అతనికంటే బాగా చెప్పగలిగిన తరువాతనే మనకు జవాబు చెప్పే హక్కు వస్తుంది.

ఈ అక్వినాసు గారే మరియమాత జన్మపాపం లేకుండా ఉద్భవించిందన్న అభిప్రాయాన్ని అంగీకరించలేదంటే మీలో కొందరు ఉలిక్కిపడతారు. ఆమెకు ఆ పాపం ఎన్నడూ అంటకపోతే క్రీస్తు రక్షణ ఆమెకు అవసరం లేదన్నట్లవుతుంది, క్రీస్తు అందరి రక్షకుడు గదా అన్నది ఆయన భయం. తరువాత డన్స్ స్కోటస్ అనే ఫ్రాన్సిస్కన్ ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు. పడినవారిని లేపడం రక్షణ అయితే, పడకుండా కాపాడడం ఇంకా గొప్ప రక్షణ, కాబట్టి ఆమెకే క్రీస్తు రక్షణ అందరికంటే ఎక్కువగా అందింది అని వివరించాడు. 1854లో తొమ్మిదవ పయస్ పోపు గారు దీనిని విశ్వాస సత్యంగా ప్రకటించినప్పుడు, క్రీస్తు పుణ్యఫలాలను ముందుగా చూసి ఇచ్చిన వరం అని అందులోనే చెప్పారు. వాదంలో ఓడిన అక్వినాసు గారి ప్రశ్న, గెలిచిన సత్యంలో ఒక భాగమై నిలిచింది. స్కోటస్ రచనల పరిశోధనలోనే బాలిచ్ గారి జీవితంలో పెద్దభాగం గడిచిందని ఇక్కడ చెప్పుకోవాలి.

ఇప్పుడు ఆగిపోయిన మన కుటుంబ ప్రార్థన దగ్గరకు వద్దాం. తల్లిదండ్రులారా, ఇద్దరి మధ్య తీర్పరులుగా కూర్చోకండి. ముందు మనుమడిని పిలిచి, "నాయనమ్మ దేనికోసం భయపడుతున్నదో నువ్వు చెప్పు" అనండి. తనను పెంచిన తల్లి భక్తి తనతోనే పోతుందని ఆమె భయం. తరువాత, "అమ్మా, వాడు దేనికోసం భయపడుతున్నాడో మీరు చెప్పండి" అని ఆమెను అడగండి. స్నేహితుల ముందు తన విశ్వాసానికి ఆధారం చూపలేకపోతున్నానని వాడి భయం. ఒకరి భయాన్ని మరొకరు సరిగా చెప్పగలిగేదాకా వాదన మొదలుపెట్టనివ్వవద్దు. ఆ తరువాత జపమాల తీయండి. ప్రతి దేవరహస్యానికి ముందు, దానికి సంబంధించిన సువిశేష భాగాన్ని మనుమడు చదవాలి, నాయనమ్మ మంగళవార్త జపం మొదలుపెట్టాలి. దూత పలికిన మాటలు, ఎలిజబెతమ్మ పలికిన మాటలు లూకా సువిశేషం మొదటి అధ్యాయంలో వాడికే కనబడతాయి. స్నేహితులడిగే ప్రశ్నకు జవాబు నాయనమ్మ చేతిలోనే ఉందని వాడికి తెలుస్తుంది. తాను అరవై ఏళ్ళుగా చెప్పుకున్నది దైవవాక్కేనని ఆమెకూ ఇంకా బాగా తెలుస్తుంది.

అన్ని తగాదాలూ ఇలా తీరుతాయని నేను అనడం లేదు. యెరూషలేములో అన్యజనుల విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చిన పౌలు బర్నబాలు, అదే అపోస్తలుల కార్యములు 15వ అధ్యాయం ముగిసేలోగా మార్కును వెంట తీసుకువెళ్ళే విషయంలో పోట్లాడి చెరొక దారినా వెళ్ళారు. 1964 నవంబరు 21న కూడా కథ పూర్తిగా ముగియలేదు. "శ్రీసభ మాత" అనే బిరుదును కమిషను పత్రంలో చేర్చలేదు. పత్రాన్ని ప్రకటించిన రోజే పోపు ఆరవ పౌలు గారు తమ ప్రసంగంలో తామే ఆ బిరుదును ప్రకటించారు. పీఠాధిపతులు లేచి చప్పట్లు కొట్టారు. కొందరు నొచ్చుకున్నారు కూడా. మధ్యవర్తిని అనే మాటను గురించిన చర్చ ఈనాటికీ సాగుతోంది. 2025 నవంబరు 4న విశ్వాస సిద్ధాంత కార్యాలయం, పోపు పద్నాలుగవ లియో గారి ఆమోదంతో వెలువరించిన పత్రంలో, ఆ మాటను చాలా జాగ్రత్తగా వాడాలనీ, "సహరక్షకురాలు" అనే బిరుదు తగదనీ చెప్పింది. వెంటనే రెండు వైపులనుంచీ సంతోషమూ, నొప్పీ వినబడ్డాయి.

ఇక ఆరవ పౌలు గారు ప్రకటించిన ఆ "శ్రీసభ మాత" బిరుదు సంగతి. దానిని సార్వత్రిక శ్రీసభ పంచాంగంలో స్మరణోత్సవంగా చేర్చి, పెంతెకోస్తు పండుగ మరునాడు సోమవారం జరుపుకొమ్మన్నది, సంస్కరణవాది అని అందరూ పిలిచిన పోపు ఫ్రాన్సిస్ గారు. ఆ ఆజ్ఞాపత్రం మీద ఉన్న తేదీ 2018 ఫిబ్రవరి 11, గుణదలలో మనం లూర్దుమాత ఉత్సవం జరుపుకునే రోజు.